మాణిక్ కాలు పోయిందట

న్యాల్‌కల్ నుంచి వచ్చిన బస్సు జహీరాబాద్ బస్టాండులో ఆగేసరికి పొద్దు కాస్త వాలింది. తొమ్మిది రోజులు వరుసగా విత్తనాల గొర్రు వెనక నడిచిన మాణిక్‌కు నడుం పట్టేసింది. అరచేతులు బొబ్బలెక్కి మండుతున్నాయి. బావకు జ్వరమనీ, మృగశిరలో మంచి వాన పడిందనీ, అదును దాటితే ఈ ఏడు పంట లేనట్టేననీ అక్క అనంతమ్మ కబురు పంపితే ఉన్నపళాన బయల్దేరి పోయాడు. పోతూ పోతూ భార్య యాదమ్మతో ఒక మాట చెప్పాడు, అంతే. ఇప్పుడు ఇంటికి పోయి చాప పరుచుకుని పడుకోవాలని తప్ప అతనికి ఇంకో ఆలోచన లేదు.

బస్టాండు గేటు పక్కన మామిడిపండ్ల గంప ముందు కూర్చున్న ఎంకమ్మ అతన్ని చూసింది. ముఖం కేసి కాదు, కాళ్ల కేసి. చూసి, గంప వదిలేసి లేచి నిలబడింది.

"రెండున్నయా బిడ్డా?" అంది.

"ఏంది రెండు?"

"కాళ్లు."

ఎండకు ముసలామెకు తల తిరిగిందేమో అనుకున్నాడు మాణిక్. "ఉన్నయి అవ్వా, యాడికి పోతయి," అని ముందుకు నడిచాడు. వెనక ఆమె పాన్‌డబ్బా వాణ్ని కేకేసి పిలవడం, వాడు బయటికి వంగి చూడడం అతనికి తెలుస్తూనే ఉంది.

చాయ్ తాగితే ఒళ్లు తేలికపడుతుందని మదన్‌మోహన్ హోటల్లోకి వెళ్లాడు. ఆ ఊళ్లో ఏ మాటైనా ముందు ఆ హోటల్లో పడి, అక్కడ నాలుగు గ్లాసుల చాయ్ తాగి, తర్వాతే బజారుకు పోయేది. మదన్‌మోహన్ పాలు వంచుతున్నవాడల్లా గిన్నె దించి, గల్లా వెనక నుంచి బయటికొచ్చి, మాణిక్ ముందు గొంతుక్కూర్చుని పిక్క పట్టుకుని నొక్కి చూశాడు.

"లక్డీది గాదు, అసలు కాలే," అన్నాడు లోపల కూర్చున్నవాళ్లతో.

"ఏందన్నా ఇది? అందరికీ ఏమైంది?" మాణిక్‌కు విసుగొచ్చింది.

"అరె, నీ కాలు మీదికెల్లి లారీ పోయిందట గదరా! సడక్ దిగుతుంటే. మోకాలి కింద నుజ్జునుజ్జయితే పట్నం పెద్ద దవాఖానల కోసేసిన్రట. వారం సంది ఇదే మాట. నిన్నయితే నువ్వు ఖతం అయినవని గూడ అన్నరు."

"నేను న్యాల్‌కల్ల విత్తనాలేస్తున్న."

"అది మాకెట్ల తెలుస్తది?" అన్నాడు మదన్‌మోహన్, తప్పు మాణిక్‌దే అయినట్టు.

ఆ సడక్ సంగతి ఇది. ఊరి చివర ఏదో ఫ్యాక్టరీ వస్తుందని రెండేళ్ల కింద నున్నటి తారు రోడ్డు వేశారు. ఫ్యాక్టరీ రాలేదు. గుట్ట మీది నుంచి రైలుపట్టాల దాకా వాలుగా దిగే ఆ రోడ్డు మీద మేకలు తప్ప ఏవీ తిరిగేవి కావు. అదే రోజుల్లో బొంబాయి లారీ డ్రైవరొకడు జగ్గయ్య పనిచేసే వర్క్‌షాపులో ఒక వింత వస్తువు పారేసి పోయాడు. ఎర్రటి పలక, కింద చక్రాలు, ఒక చక్రం ఊడిపోయింది. దాని పేరు స్కేట్‌బోర్డు అని డ్రైవరే చెప్పాడు. జగ్గయ్య, మాణిక్ చిన్నప్పటి నుంచి స్నేహితులు. మాణిక్‌ది కట్టెకోత మిల్లులో పని. ఇతను మిల్లులో పనికిరాని పలక తెచ్చి దాని కొలతకు కోశాడు, జగ్గయ్య లారీల నుంచి తీసేసిన అరిగిన బేరింగులు బిగించాడు. అట్లా ఒకటి, రెండు, చూస్తుండగానే పన్నెండు తయారయ్యాయి. ఊరు వాటిని తక్తలంది. వాటి మీద నిలబడి జారేవాళ్లను తక్తోళ్లంది.

తక్తోళ్లలో చిన్నపిల్లలు లేరు. లారీలకు రంగులేసేవాళ్లు, దర్జీలు, రైల్వే గ్యాంగులో పనిచేసే ఇద్దరు, అందరూ వారమంతా ఒళ్లు హూనం చేసుకునేవాళ్లే. వర్క్‌షాపులకు సెలవని శుక్రవారం పొద్దున్నే గుట్ట మీద చేరేవాళ్లు. ఇనుప బేరింగులు తారు మీద గరగరమంటే ఆ చప్పుడు స్టేషన్ దాకా వినిపించేది. మోకాళ్లు చీరుకుపోయేవి, మోచేతులు కొట్టుకుపోయేవి. అయినా కింద దాకా పడకుండా చేరినవాడి ముఖంలో ఒక వెలుగు కనిపించేది. మిగతా ఆరు రోజుల్లో అది ఎక్కడా కనిపించేది కాదు.

ఎక్కువసేపు జారడం కంటే గుట్ట మీద కూర్చుని మాట్లాడుకోవడమే జరిగేది. ఆ మాటల్లో సగం గాలి మాటలు. బొంబాయి నుంచి ఒక దొర ఫోటోలు తీయడానికి వస్తున్నాడట. చిరాగ్‌పల్లి నుంచి కాలు కింద పెట్టకుండా వచ్చినోడికి ఫ్యాక్టరీలో నౌకరీ ఇస్తారట. వచ్చే నెల సడక్‌కు గేటు పెడతారట. ఎవరూ వాటిని నమ్మేవాళ్లు కాదు, ఎవరూ కాదనేవాళ్లూ కాదు. మాణిక్ కూడా రెండు మూడు పుట్టించాడు. తన కాలు గురించి మాత్రం అతను పుట్టించలేదు.

చాయ్ సగంలో వదిలి మిల్లుకు పోయాడు. మిల్లు సేటు రేవణసిద్ధప్ప నుదుట విభూతితో, మెల్లగా మాట్లాడే మనిషి. మాణిక్‌ను చూసి లేచి నిలబడ్డాడు, చేతులు జోడించి పైకి చూశాడు, ఆ తర్వాత కూర్చుని రంపం వైపు చూశాడు. రంపం దగ్గర ఈరయ్య అనే బక్కపలచటి మనిషి దుంగను నెడుతున్నాడు. అది మాణిక్ నిలబడే చోటు.

"సేటూ, నేనొచ్చిన. రేపటి సంది ఎక్కుత," అన్నాడు మాణిక్.

"కాలు పోయినోడు రంపం కాడ ఎట్ల నిలబడ్తడని వాన్ని పెట్టుకున్న మాణిక్. నలుగురు పిల్లలు వానికి. ఝరాసంగం నుంచి ఇల్లు ఎత్తుకొని వచ్చిండు. మాట ఇచ్చిన."

"నా కాలు పోలేదు గద."

"అది నాకిప్పుడు తెలిసింది," అన్నాడు సేటు. అతని గొంతులో అబద్ధం లేదు. "జర సోంచాయించుకోనీ. పొద్దుగాల పూట నువ్వు చెయ్యి. పగటికెల్లి వాడు చేస్తడు. అంతకంటె నేనేం చెయ్య?"

ఈరయ్య దుంగ ఆపి ఇటే చూస్తున్నాడు. ఆ చూపులో భయం ఉంది. పోట్లాడదామని నోటిదాకా వచ్చిన మాట మాణిక్‌కు అక్కడే ఆగిపోయింది. సరేనన్నట్టు తలూపి బయటికొచ్చాడు.

దారిలో ఇద్దరు తక్తోళ్లు ఎదురయ్యారు. సంతోషపడ్డారు, భుజం తట్టారు, ఆ తర్వాత తలలు దించుకున్నారు. అతని కాలు సంగతి విన్న రోజే వాళ్ల తల్లులూ భార్యలూ తక్తలను గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టారట. పన్నెండింటిలో పది బూడిదయ్యాయి. "మా అమ్మ ఆ మంట మీద కాగిన నీళ్లతోనే నాకు తానం చేయించింది," అన్నాడు ఒకడు. నవ్వు రాని నవ్వొకటి నవ్వాడు. "జగ్గయ్యను కలిసినవా?" అని అడిగాడు రెండోవాడు. "ముందు వాని కాడికి పో."

జగ్గయ్య ఇంట్లో గొంగడి కప్పుకుని పడుకుని ఉన్నాడు. అతని తల్లి నారమ్మ గడప దగ్గరే మాణిక్‌ను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. కాలు పోయిందని తెలిసిన రోజే జగ్గయ్య లారీ ఎక్కి పట్నం పోయాడట. పెద్ద దవాఖానలో మూడు రోజులు వార్డు వార్డు తిరిగాడట, మంచం మంచం దగ్గర ఆగి పేరు పెట్టి పిలిచాడట. వరండాలో పడుకుని వానకు తడిసి, జ్వరంతో తిరిగొచ్చాడట. దొరకలేదని అతను చెబితే, ఊళ్లో దాన్నే చచ్చిపోయాడని చెప్పుకున్నారట.

జగ్గయ్య తల తిప్పి మాణిక్ కాళ్లు చూశాడు. రెండింటినీ చూశాడు. చూసి గోడ వైపు తిరిగాడు.

"యాడ సచ్చినవ్?" అన్నాడు.

"న్యాల్‌కల్ల. అక్క పిలిస్తే పోయిన."

"ఎవరికి చెప్పి పోయినవ్?"

"యాదమ్మకు చెప్పిన."

జగ్గయ్య మెల్లగా లేచి కూర్చున్నాడు. కళ్లు జ్వరంతో ఎర్రగా ఉన్నాయి. "యాదమ్మకు చెప్పినవా? పట్నం పోయే ముందుగాల నేను మీ ఇంటికొచ్చిన. వదినా, ఏ దవాఖాన అని అడిగిన. తలుపు పట్టుకొని నిలబడి ఏడ్చింది గాని ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె ఏడుపు జూసే నేను లారీ ఎక్కిన."

మాణిక్ లేచాడు. ఇల్లు రెండు గల్లీల అవతల. ఆ రెండు గల్లీలు దాటడానికి తొమ్మిది రోజుల నడక కంటే ఎక్కువ కష్టపడ్డాడు.

యాదమ్మ అప్పుడే పప్పు మిల్లు నుంచి వచ్చినట్టుంది, జుట్టు నిండా కంది పొట్టు. అతన్ని చూసి ఉలిక్కిపడలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి గడప పక్కన పెట్టింది. అతను కాళ్లు కడుక్కుంటుంటే గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది.

"ఏం చెప్పినవే వాళ్లకు?" అన్నాడు.

"నేను చెప్పింది ఒక్కటే మాట." ఆమె గొంతు ఏ హెచ్చుతగ్గూ లేకుండా ఉంది. "నువ్వు పోయిన తెల్లారే శుక్రవారం. నీ మొగడు సడక్ మీద కనబడలేదేందని మా మిల్లు బస్వమ్మ అడిగింది. పొద్దటి సంది బస్తాలు మోసి నా నడుం ఇరుగుతున్నది. కాలిరిగిందనుకో, ఇగ రాడు అన్న. తిక్కల అన్న. నువ్వు ప్రతి శుక్రారం పోతవ్, దెబ్బలు తాకిచ్చుకొని వస్తవ్, నేను పసుపు రాసి మళ్ల మిల్లుకు పోత. ఆ తిక్క."

"తెల్లారి చెప్పద్దా, కాదని?"

"చెప్దామనే పోయిన. పోయెవరకు ఎవరో నా నెత్తి మీది బస్తా దించిన్రు. నీడకు కూసోమన్నరు. బస్వమ్మ తన సద్దిల సగం నాకు పెట్టింది. తిన్నవానే అని అడిగిన్రు." ఆమె అక్కడ ఆగింది. "నన్నెవరన్న తిన్నవా అని అడిగి ఎన్ని దినాలైందో నాకే యాదికి లేదు. ఈ ఒక్కరోజు కూసుంట, రేపు చెప్త అనుకున్న. రోజూ అట్లనే అనుకున్న."

"జగ్గయ్య వచ్చినప్పుడు?"

"అప్పటికి లారీ ఎక్కింది, కాలు కోసిన్రు, అన్ని అయిపోయినయి. నేను లారీ మాట అనలేదు, దవాఖాన మాట అనలేదు. వాన్ని జూస్తే నాకు నోరు రాలేదు. ఏడుపొచ్చింది. నిజంగనే వచ్చింది. పోయెటోన్ని ఆపకపోతి, ఆ పాపం నాదే."

మాణిక్ తడి కాళ్లతో అట్లాగే గడప మీద కూర్చున్నాడు. కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాడు కూడా. రాలేదు. ఒంట్లో దానికి సరిపడా సత్తువ మిగల్లేదు. దానికి తోడు, తిన్నవా అనే ఆ ఒక్క మాట తను ఎప్పుడైనా అడిగాడా అని వెతుక్కుంటే ఎంతసేపటికీ దొరకలేదు.

"నీ తక్త మంచం కింద ఉన్నది," అంది యాదమ్మ. "అందరు కాలబెట్టుమన్నరు. నేను పెట్టలే. నీది నువ్వే జూసుకో."

"అన్నం ఉన్నదా?" అన్నాడు.

"రొట్టె జేస్త."

"నువ్వు తిన్నవా?"

ఆలస్యంగా వచ్చిన ఆ మాటకు ఆమె ముఖంలో సంతోషం కనబడలేదు. పిండి కలుపుతూ ఒకసారి కొంగుతో ముక్కు తుడుచుకుంది, అంతే.

మర్నాడు పొద్దున మిల్లుకు పోతుంటే మదన్‌మోహన్ హోటల్ ముందు జనం మూగి ఉన్నారు. పది మంది తక్తోళ్లు, వాళ్ల తల్లులు ముగ్గురు నలుగురు, గొంగడి కప్పుకున్న జగ్గయ్య. ఆ మాట ఎవరు పుట్టించారో తేల్చాలని పట్టుబట్టారు. ఊరికి అది పండుగలాగా ఉంది. మదన్‌మోహన్ పంచాయతీ పెద్దలాగా గల్లా ముందు నిలబడి ఒక్కొక్కరినే అడుగుతున్నాడు. నువ్వెవరి నోట విన్నవు, వాడెవరి నోట విన్నడు. దర్జీ పేరు చెబితే దర్జీ తన చెల్లెలి పేరు చెప్పాడు. చెల్లెలు పప్పు మిల్లు పేరు చెప్పింది.

"అయితే పప్పు మిల్లు కాడికెల్లే వచ్చింది," అన్నాడు మదన్‌మోహన్. "బస్వమ్మను పిలువుండ్రి."

జగ్గయ్య మాణిక్ వైపే చూస్తున్నాడు. అతనికి సగం అర్థమైందని మాణిక్‌కు తెలిసిపోయింది. బస్వమ్మ వస్తుంది. నాకు యాదమ్మే చెప్పింది అంటుంది. ఈ తల్లులందరూ ఇప్పుడే గల్లీలోకి పోతారు. కాలిన తక్తలకు, పోయిన నిద్రకు, జగ్గయ్య జ్వరానికి అన్నిటికీ కలిపి ఆమెను నిలదీస్తారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి వింటుంది, విని మళ్లీ మిల్లుకు పోయి బస్తా ఎత్తుకుంటుంది.

"ఎవర్నీ పిలువొద్దు," అన్నాడు మాణిక్. "నేనే అన్న."

అందరూ తిరిగి చూశారు.

"పోయేటప్పుడు నేనే యాదమ్మకు చెప్పిన. ఎవరన్న అడిగితే కాలిరిగిందని చెప్పుమన్న. నవ్వులాటకు. మీరంత ఏం జేస్తరో చూద్దామని. ఇంత దూరం పోతదనుకోలే."

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలామె దుమ్మెత్తి అతని కాళ్ల మీద పోసింది. మదన్‌మోహన్ "ఛీ" అని లోపలికి పోయాడు. జగ్గయ్య లేచి, గొంగడి సర్దుకుని, అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాడు మాణిక్. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మూడు దినాలు," అన్నాడు జగ్గయ్య. ఇంటి దారి పట్టాడు.

సాయంత్రానికి ఆ సంగతి యాదమ్మకు తెలిసింది. పప్పు మిల్లు ఆడవాళ్లంతా ఆమె మీద జాలిపడి మాణిక్‌ను తిట్టారట. గిసుంటి మొగనితోని ఎట్ల ఏగుతున్నవే అన్నారట. "నేను రేపు చెప్త, అన్నది నేనని," అంది ఆమె. "ఊకో," అన్నాడు మాణిక్. "ఇప్పుడు ఇంకో మాట పుట్టియ్యకు. ఉన్నదానితోనే సతమతమైతున్నం." ఆమె చాలాసేపు అతన్ని చూసి అటు తిరిగి పడుకుంది.

మిల్లులో పని ఒక పూటే అయింది కాబట్టి పగటి పూట అతను పప్పు మిల్లుకు పోయి యాదమ్మ ఎత్తాల్సిన బస్తాలు తను ఎత్తేవాడు. మొదట ఆడవాళ్లు ముఖం తిప్పుకున్నారు. తర్వాత తమవి కూడా రెండు ఎత్తమన్నారు. అతను ఎత్తాడు. ఊరు మాత్రం అతన్ని వదల్లేదు. లక్డీ మాణిక్ అని పేరు పెట్టింది. నెలలు గడిచినా సంతకు వచ్చిన ఊళ్లవాళ్లు అతన్ని ఆపి పంచె పైకెత్తమనేవాళ్లు. మొదట్లో ఎత్తి చూపించేవాడు. తర్వాత చూపించడం మానేశాడు. కాలు పోయిందని కొందరు అట్లాగే నమ్మి ఉండిపోయారు. వాళ్లతో వాదించే ఓపిక అతనికి లేకపోయింది.

ఒక శుక్రవారం తక్త చంకన పెట్టుకుని ఒక్కడే గుట్ట ఎక్కాడు. పైన ఎవరూ లేరు. నిలబడి జారాడు. పడకుండానే పట్టాల దాకా చేరాడు. కింద అరిచేవాడు లేడు, పందెం కట్టేవాడు లేడు. బేరింగుల చప్పుడు ఆగిపోయాక చెవుల్లో హోరు మాత్రం మిగిలింది. మళ్లీ అంత గుట్ట ఎక్కాలంటే బద్ధకమనిపించి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత పోలేదు. దీపావళి దాటాక ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాయి. కంకర లారీలు తిరిగి తిరిగి ఆ నున్నటి రోడ్డు గుంతలు పడింది.

జగ్గయ్య నాలుగు నెలలు మాట్లాడలేదు. మాణిక్ వారానికోసారి వర్క్‌షాపుకు పోయి, ఒక టైరు మీద కూర్చుని, కాసేపుండి వచ్చేసేవాడు. జగ్గయ్య తన పని తను చేసుకునేవాడు. పొమ్మనలేదు, రమ్మనలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం అతను లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. మాణిక్ వచ్చి కూర్చున్నాడని ఎట్లా తెలిసిందో, లోపలి నుంచి మాట వచ్చింది.

"ఆ దవాఖానల ఒకడు పలికిండు."

మాణిక్ టైరును లారీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మాణిక్ మాణిక్ అని పిలుచుకుంట పోతుంటే ఒక మంచం మీదికెల్లి ఆఁ అన్నడు. ఉరికిన. నువ్వు గాదు. బీదర్ దిక్కు మనిషి, వాని పేరు గూడ మాణికే. కాలు లేదు. వానికోసం ఎవరూ రాలేదట. పిలిస్తే తనకోసమే అనుకున్నడు. నీకోసం గాదని నాకు చెప్పబుద్ధి గాలేదు. రెండు దినాలు వాని కాడనే కూసున్న. గంజి తాపిన."

"మళ్ల పోలేదా?"

"పోయిన. పోయిన నెల. ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నరు. అడిగితే ఎవరికీ తెల్వదు."

లారీ కింద నట్టు బిగిస్తున్న చప్పుడైంది.

"అన్నది నువ్వు గాదని నాకు తెల్సు," అన్నాడు జగ్గయ్య. "నువ్వు చెప్పినా వదిన అనదు. తిక్కలనన్న అనాలె, లేకుంటె లేదు. నా కోపం అదిగాదు. నాకు నిజం చెప్పకపోతివి, ఆ రోజే, నాకొక్కనికి."

"చెప్పాలనే అనుకున్న," అన్నాడు మాణిక్. "అలసిపోయి ఉంటిమి, అందరం."

లారీ కింది నుంచి నూనె మరకల చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"పెద్ద పానా అందియ్యి," అన్నాడు. "అది గాదు, దాని పక్కది."

మాణిక్ వంగి అందించాడు.